గుంజ నిలబడితే ఆట నిలబడుతుంది



మన ఇంటి బయట ఎన్నో చెక్క వస్తువులు ఉంటాయి. పాక గుంజ, పశువుల రాట, దడి తలుపు, అరుగు పక్క బల్ల. ఎండకు ఎండుతాయి. వానకు తడుస్తాయి. ఒకరోజు ఉన్నట్టుండి విరుగుతాయి. "పాతదై పోయింది, అందుకే విరిగింది" అంటాం. నిజంగా పాతదైనందుకే విరిగిందా? ఈ పాఠంలో ఆ సంగతి తెలుసుకుందాం. ఒక ఇంటి పెరట్లో పిల్లల ఆట స్థలం పాడైంది. దాన్ని ఆడవాళ్ళే పూనుకుని ఎలా బాగుచేశారో చదువుదాం.

ఆట ఆగిపోయింది

మాది రావులపాలెం. గౌతమి గోదావరి ఒడ్డున ఉంది. జొన్నాడ వైపు నుంచి పెద్ద వంతెన దాటగానే మా ఊరు వస్తుంది. కోనసీమకు ఇదే గుమ్మం అంటారు. అరటి గెలల మార్కెట్టు ఉన్న ఊరు అంటే అందరికీ తెలుస్తుంది.

మా సాయంత్రం తరగతికి వచ్చే ఒక అక్క ఇల్లు ఏటిగట్టుకు దగ్గర్లో ఉంది. ఇంటి వెనక పొడవాటి పెరడు. అందులో రెండు చెక్క గుంజలు పాతి ఉన్నాయి. ఆ రెండు గుంజల మధ్య వీధిలోని ఆడపిల్లలు బడి వదలగానే ఖోఖో ఆడతారు. పక్కనే ఒక చెక్క బల్ల. అలసిన పిల్లలు దాని మీద కూర్చుంటారు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మా ఊళ్ళో కూడా ఆ రాత్రి గాలి, వాన. తెల్లవారి చూస్తే పెరట్లో నీళ్ళు నిలిచాయి. తూర్పు వైపు గుంజ కొంచెం వాలింది. "మరేం ఫరవాలేదు" అనుకుని నిటారుగా నెట్టి, మొదట్లో మట్టి తొక్కారు.

వారం తర్వాత పిల్లలు ఆట మొదలెట్టారు. అక్క కూతురు పరుగున వచ్చి గుంజ పట్టుకుని తిరిగింది. టప్పున గుంజ విరిగింది. పిల్ల బోర్లా పడింది. అరచేతిలో చెక్క పేడు దిగింది.

అక్క వెంటనే చెయ్యి సబ్బు నీళ్ళతో కడిగింది. పేడు తీయించి, ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళి ధనుర్వాతం రాకుండా సూది వేయించింది. మట్టి అంటిన చెక్క గుచ్చుకుంటే ఇలాగే చెయ్యాలి. పసుపు రాసి ఊరుకోకూడదు.

ఇంటికి వచ్చాక నాయనమ్మ గారు కోప్పడ్డారు.

"ఇక ఆటలు చాలు. పదమూడేళ్ళ పిల్లకి ఈ గెంతులెందుకు? ఆ గుంజలు పీకి పొయ్యిలో పెట్టండి" అన్నారు.

పిల్ల ఏమీ మాట్లాడలేదు. రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. వీధిలోని మిగతా తల్లులు కూడా తమ పిల్లల్ని పంపడం మానేశారు. పెరడు బోసిపోయింది.

తరగతిలో మాట

ఆ సాయంత్రం తరగతిలో ఇదే మాట వచ్చింది. ఒకామె "పోనీలే వదినా, ఆడపిల్లలు ఇంట్లో ఉంటేనే మంచిది" అంది. ఇంకొకామె "మా చిన్నది రోజూ ఏడుస్తోంది" అంది.

అక్క కాసేపు ఊరుకుంది. తర్వాత నన్ను అడిగింది.

"టీచరు గారండీ, ఇంటి దూలం పుచ్చితే దూలం మారుస్తాం గానీ, ఇల్లు వదిలేసి పోతామా అండీ? గుంజ విరిగితే గుంజ బాగుచెయ్యాలి. ఆట మానెయ్యడం ఎందుకండీ?"

ఎవరూ బదులు చెప్పలేకపోయారు. మర్నాడు ఆదివారం. ఆరుగురం కలిసి ఆ పెరటికి వెళ్ళాం.

ఖోఖోకు గుంజ ఎందుకు?

ఖోఖో మన దేశపు ఆట. పెద్ద ఖర్చు లేదు. బంతి అక్కర్లేదు, బ్యాటు అక్కర్లేదు. నేల, రెండు గుంజలు ఉంటే చాలు.

ఒక జట్టులో 8 మంది నడి గీత మీద వరసగా కూర్చుంటారు. ఒకరు అటు తిరిగితే పక్కవారు ఇటు తిరిగి కూర్చుంటారు. తొమ్మిదో మనిషి తరుముతుంది. రెండో జట్టు వాళ్ళు ముగ్గురు చొప్పున లోపలికి వచ్చి, దొరక్కుండా పరుగెడతారు. తరిమే మనిషి కూర్చున్న వారిని తట్టి "ఖో" అంటే, ఆ పిల్ల లేచి తరుముతుంది.

తరిమే మనిషి మధ్యలో వెనక్కి తిరగకూడదు. గుంజ దాకా పోయి, గుంజ చుట్టి రావాలి. అందుకే ఆడేవాళ్ళు వేగంగా వచ్చి గుంజ పట్టుకుని తిరుగుతారు. పిల్ల బరువంతా గుంజ మీద పడుతుంది. గుంజ గట్టిగా ఉండాలి. నున్నగా ఉండాలి.

పెద్దల పోటీల్లో కోర్టు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు ఉంటుంది. గుంజ నేల పైన 120 నుంచి 125 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. మందం 9 నుంచి 10 సెంటీమీటర్లు. పెరట్లో ఆడుకునేందుకు అంత స్థలం అక్కర్లేదు. ఉన్న జాగాలో చిన్నగా గీసుకోవచ్చు.

2025 జనవరిలో ఢిల్లీలో ఖోఖో మొదటి ప్రపంచ కప్పు పోటీలు జరిగాయి. ఆడవాళ్ళ కప్పు, మగవాళ్ళ కప్పు రెండూ మన దేశమే గెలిచింది. రెండు చోట్లా ఆఖరి ఆటలో నేపాల్ జట్టును ఓడించింది. మన పిల్లలు పెరట్లో ఆడే ఆట, ప్రపంచం ఆడుతున్న ఆట.

గుంజ ఎక్కడ విరిగింది?

పెరట్లోకి వెళ్ళి విరిగిన గుంజను చూశాం. పైన చెక్క బాగుంది. రంగు కూడా పోలేదు. సరిగ్గా నేల ఉన్న చోట మాత్రం పుచ్చిపోయింది. వేలితో నొక్కితే తడి అటుకుల్లా నలిగింది.

గునపంతో తవ్వి అడుగు ముక్క బయటికి తీశాం. దాని చివరి భాగం చూసి అందరం ఆశ్చర్యపోయాం. లోతున ఉన్న చెక్క ఇంకా గట్టిగానే ఉంది!

"ఇదేం వింత? పైన బాగుంది. అడుగున బాగుంది. మధ్యలో ఎందుకు పుచ్చింది?" అని ఒక పిన్ని అడిగింది.

మా వీధి వడ్రంగి బాబాయి గారిని పిలిచాం. ఆయన చూసి నవ్వారు. "అమ్మా, పాతిన చెక్క ఎప్పుడూ మెడ దగ్గరే చస్తుంది" అన్నారు. నేల తాకే చోటును ఆయన మెడ అంటారు.

చెక్క ఎందుకు పుచ్చుతుంది?

చెక్కను తినేది బూజు. రొట్టె మీద, పచ్చడి మీద వచ్చే బూజుకు ఇది చుట్టం. కంటికి కనపడనంత సన్నని పోగులుగా చెక్క లోపలికి పాకుతుంది. చెక్కే దాని తిండి.

ఈ బూజు బతకాలంటే తిండితో పాటు ఇంకా రెండు కావాలి. ఒకటి తడి. రెండు గాలి.

గుంజ పై భాగానికి గాలి ఉంది. కానీ వాన తగ్గగానే ఎండుతుంది. తడి నిలవదు.

బాగా లోతున తడి ఉంది. కానీ గాలి తక్కువ.

నేల తాకే చోట తడీ ఉంది, గాలీ ఉంది. అందుకే అక్కడే పుచ్చుతుంది.

వయసు వల్ల చెక్క పుచ్చదు. మన పాత పెంకుటిళ్ళలో దూలాలు చూడండి. తాతల నాటివి. తడి తగలదు కాబట్టి ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. నిలిచిన నీరే చెక్కకు శత్రువు.

చెదలు ఇంకో శత్రువు. ఇవి నేలలోంచి వస్తాయి. చెక్క మీద సన్నని మట్టి దారులు కట్టుకుని పైకి పాకుతాయి. చెక్క మీద మట్టి గీత కనపడితే చెద వచ్చిందని అర్థం. గీతను గీకేసి ఊరుకుంటే చాలదు. అది ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి.

నేను చేసిన తప్పు

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి.

2022 జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర నీటి మట్టం 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ ఏడు 21 అడుగులు దాటింది. 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి పోయింది. ఒక్క క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్ల నీరు. అంటే ఒక పెద్ద బిందెడు కన్నా ఎక్కువ. లంక గ్రామాలు మునిగాయి. ఈ పెరట్లోకి ఏరు రాలేదు గానీ, ఊట నీరు వారం రోజులు నిలిచింది.

నీరు తీశాక గుంజలు కదులుతున్నాయి. అప్పుడు అక్క నన్ను సలహా అడిగింది. "మొదట్లో సిమెంటు పోసేస్తే సరి" అన్నాను. గుంజ చుట్టూ సిమెంటు పోశారు. గుంజ కదలడం మానింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

ఇప్పుడు తవ్వి చూస్తే అసలు సంగతి బయటపడింది. చెక్క ఎండినప్పుడు కొంచెం చిక్కుతుంది. చెక్కకు, సిమెంటుకు మధ్య సన్నని సందు ఏర్పడింది. వాన నీరు ఆ సందులోకి దిగింది. కింద సిమెంటు గిన్నెలా ఉంది. నీరు పోయే దారి లేదు. మూడేళ్ళు గుంజ ఆ గిన్నెలో నానింది.

"గట్టి చేద్దామని గొయ్యి తీశాం" అన్నాను సిగ్గుపడుతూ.

"మీకు మాత్రం ఎలా తెలుస్తుందండీ? ఇప్పుడు తెలిసింది కదా" అంది అక్క.

చదువుకున్నవారు చెప్పారని మారు అడక్కుండా ఏ పనీ చెయ్యకండి. పని తెలిసిన వారిని కూడా అడగండి. "ఎందుకు?" అని అడగండి.

మంచి చెక్కా? పుచ్చు చెక్కా?

రెండో గుంజ నిలబడే ఉంది. దాన్ని వదిలెయ్యాలా, మార్చాలా? బాబాయి గారు మాకు మూడు పరీక్షలు నేర్పారు.

1. తట్టి చూడాలి. చిన్న సుత్తితో తడితే మంచి చెక్క కణకణ మంటుంది. పుచ్చు చెక్క బొదబొద మంటుంది.

2. పొడిచి చూడాలి. మొదట్లో కొంచెం మట్టి తవ్వి, స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవాలి. మంచి చెక్క దిగనివ్వదు. పుచ్చు చెక్కలోకి సులువుగా దిగుతుంది.

3. ఊపి చూడాలి. ఒకరు పైన పట్టుకుని ఊపాలి. ఒకరు మొదలు చూడాలి. మట్టి దగ్గర కదిలితే గొయ్యి వదులైంది. చెక్కే వంగితే లోపల పుచ్చు ఉంది.

ఆరుగురం ఒక్కొక్కరుగా చేసి చూశాం. పడమటి గుంజ ఒక పక్క మాత్రమే అర సెంటీమీటరు లోతు మెత్తబడింది. మిగతాదంతా గట్టి. దాన్ని ఉంచుకోవచ్చని తేలింది.

తూర్పు గుంజ ఈ పక్క నుంచి ఆ పక్కకు పుచ్చింది.

"అతుకు పెట్టలేమా బాబాయి గారూ?" అని అక్క అడిగింది.

"దడికైతే పెడతానమ్మా. పిల్లలు పట్టుకుని తిరిగే గుంజకు మొదట్లో అతుకు వద్దు. మళ్ళీ విరిగితే ఈసారి చెయ్యి కాదు, తల తగులుతుంది" అన్నారాయన.

ఏది అతకాలో, ఏది మార్చాలో తెలియడమే అసలు పనితనం.

లెక్క వేద్దాం

విరిగిన గుంజ మొత్తం పొడవు 180 సెంటీమీటర్లు. నేలలో 60, నేల పైన 120. పుచ్చు నేల పైకి కొంత దూరం పాకింది. పుచ్చు కనపడే చోట కోస్తే చాలదు. కనపడని బూజు ఇంకా పైకి ఉంటుంది. అందుకని నేల నుంచి 20 సెంటీమీటర్ల పైన, గట్టి చెక్క ఉన్న చోట రంపంతో కోశాం.

120 లోంచి 20 తీసేస్తే 100. అంటే 100 సెంటీమీటర్ల మంచి ముక్క మిగిలింది.

బల్లకు రెండు కాళ్ళు చివికిపోయాయి. ఒక్కో కాలు 45 సెంటీమీటర్లు కావాలి. రెండు కాళ్ళకు 90. ఇంకా 10 మిగిలింది. టేపు పట్టి ఈ లెక్క కట్టింది ఎవరో కాదు. నిరుడు మా తరగతిలో చేరిన పిన్నే. టేపు మీద అంకెలు గట్టిగా చదివి, బొగ్గుతో చెక్క మీద గీత గీసింది.

"కొలత సరిగ్గా ఉందమ్మా" అని బాబాయి గారు అదే గీత మీద రంపం పెట్టారు. పిన్ని ముఖం వెలిగిపోయింది.

కొత్త గుంజ ఎక్కడిది?

కొత్త చెక్క కొనే పని లేకపోయింది. మా వీధిలో ఒక పాత పెంకుటిల్లు విప్పారు. అందులోని టేకు దూలం ముక్క ఒకటి అడిగి, డబ్బిచ్చి తీసుకున్నాం.

పాతే గుంజకు ఏ చెక్క మంచిది? టేకు చేవ బాగా ఆగుతుంది. చేవ అంటే మాను నడిమి ముదురు రంగు భాగం. చుట్టూ ఉండే తెల్ల చెక్క త్వరగా పుచ్చుతుంది. మామిడి చెక్క బయట తడిలో ఆగదు. సరుగుడు కర్ర పందిళ్ళకు మంచిదే గానీ నేలలో పాతితే ఎక్కువ కాలం ఉండదు. కొబ్బరి మాను మన కోనసీమలో దొరుకుతుంది. దాని అంచు గట్టి, నడిమి భాగం మెత్తన. మందు పట్టించకుండా నేలలో పాతితే అదీ త్వరగా పోతుంది.

పాత దూలంలో మేకులు ఉంటాయి. ముందు వెతికి అన్నీ పీకాలి. బాబాయి గారు బాడిసతో దూలాన్ని గుండ్రంగా చెక్కి, చిత్రిక పట్టారు. గుంజ చుట్టుకొలత ఎలా చూడాలి? గుంజ చుట్టూ దారం చుట్టి, ఆ దారాన్ని టేపు మీద పెట్టాం. 30 సెంటీమీటర్లు వచ్చింది. సరిపోయింది.

గుంజ తల కూడా గుండ్రంగా తీశారు. పదును అంచు ఎక్కడా ఉండకూడదు. తర్వాత మేమంతా గరుకు కాగితంతో రుద్దాం. పాత నూలు గుడ్డతో పై నుంచి కిందికి తుడిచాం. గుడ్డ పట్టుకున్న చోట పేడు ఉన్నట్టు. అక్కడ మళ్ళీ రుద్దాం. గుడ్డ ఎక్కడా పట్టుకోనంత నున్నగా చేశాం.

పని వరస

1. ఆరబెట్టడం. పడమటి గుంజను కూడా పైకి తీశాం. మెత్తబడిన భాగాన్ని ఉలితో గీకేశాం. రెండు గుంజల్ని ఇటుకల మీద ఎత్తి పెట్టి, గాలి తగిలే నీడలో రెండు వారాలు ఆరబెట్టాం. ఒక్కసారిగా మండే ఎండలో పెడితే పగుళ్ళు వస్తాయి. తడి చెక్కకు తారు గానీ, రంగు గానీ పూయకూడదు. పూస్తే తడి లోపలే ఉండిపోయి ఇంకా పుచ్చుతుంది.

2. తారు పూయడం. నేలలోకి పోయే భాగానికి, అడుగు చివరకు తారు పూశాం. ఆరాక రెండో పూత వేశాం. పిల్లల చెయ్యి తగిలే చోట తారు పూయకూడదు. వాడేసిన ఇంజను నూనె పూసే అలవాటు కొందరికి ఉంది. అది వద్దు. అందులో ఒంటికి చెడు చేసేవి ఉంటాయి. చేతులకు, నేలకు అంటుతుంది.

3. గొయ్యి తియ్యడం. పాత సిమెంటు గిన్నెను పగలగొట్టి తీసేశాం. 70 సెంటీమీటర్ల లోతు, 30 సెంటీమీటర్ల వెడల్పు గొయ్యి తీశాం. అడుగున 10 సెంటీమీటర్లు ఇటుక ముక్కలు, కంకర పోశాం. నీరు అందులోకి దిగిపోతుంది. గుంజ అడుగు నీళ్ళలో నానదు.

4. నిలబెట్టడం. గుంజను గోతిలో దించాం. దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీశాం. దారం నిటారుగా ఉంటుంది. గుంజ దారంతో సమానంగా ఉందా అని రెండు వైపుల నుంచి చూశాం.

5. పూడ్చడం. మట్టి, ఇటుక ముక్కలు కలిపి పోశాం. ఒక్కసారే నింపకూడదు. ఒక జానెడు పొయ్యాలి, దిమ్మిసతో బాగా కొట్టాలి. మళ్ళీ జానెడు పొయ్యాలి, మళ్ళీ కొట్టాలి. ఇలా కొడితే సిమెంటు లేకుండానే గట్టిగా నిలుస్తుంది.

6. మెడ కాపాడడం. గుంజ మొదట్లో మట్టిని కొంచెం ఎత్తుగా, చుట్టూ పల్లంగా చేశాం. వాన పడితే నీరు గుంజ దగ్గర ఆగదు, జారిపోతుంది. అంతా చేస్తే జానెడు ఎత్తు కూడా కాదు. పిల్లల కాలికి అడ్డం రాదు.

7. రంగు వెయ్యడం. పై భాగానికి రెండు పూతలు రంగు వేశాం.

డబ్బా మీద చదవండి

రంగు కొనేటప్పుడు డబ్బా మీద ఏముందో చదవండి. పాత రోజుల్లో కొన్ని రంగుల్లో సీసం ఎక్కువగా ఉండేది. సీసం పిల్లల మెదడుకు చేటు. 2017 నవంబరు నుంచి మన దేశంలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించకూడదని చట్టం వచ్చింది. ఆ సంగతి డబ్బా మీద రాసి ఉండాలి. లేకపోతే కొట్టువాడిని అడగండి.

పాత రంగును పొడిగా గీకితే దుమ్ము లేస్తుంది. తడిపి గీకండి. మూతికి గుడ్డ కట్టుకోండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. గీకిన పొట్టును పొయ్యిలో వెయ్యకండి.

రంగుల కొట్లో పిన్ని డబ్బా తిప్పి తిప్పి చదువుతుంటే కొట్టువాడు "ఏంటమ్మా చూస్తున్నారు?" అన్నాడట. "తారీకు చూస్తున్నాను బాబూ" అందట. ఆ మాట తరగతిలో చెప్పి మమ్మల్ని అందర్నీ నవ్వించింది.

బల్ల, నేల

బల్ల కాళ్ళు నేలను తాకకుండా ఒక్కో కాలి కింద ఒక ఇటుక పెట్టాం. పైకి లేచిన మేకులు పీకి మరమేకులు బిగించాం. చెక్కకు, చెక్కకు మధ్య చిటికెన వేలి మందం కన్నా తక్కువ సందు వదిలాం. ఆ సందులోంచి వాన నీరు కారిపోతుంది.

నేల మీద పని పిల్లలే చేశారు. గాజు పెంకులు, మేకులు, రాళ్ళు ఏరారు. నీళ్ళు నిలిచిన గుంటల్ని మట్టితో పూడ్చి కొట్టారు. పెరటి చివరకు చిన్న కాలువ తీశారు. చివరగా ముగ్గు పిండితో గీతలు వేశారు. సున్నం వెయ్యలేదు. సున్నం కళ్ళలో పడితే ప్రమాదం.

ఖర్చు అందరం పంచుకున్నాం. దేనికెంత అయిందో అక్క ఒక నోటు పుస్తకంలో రాసింది. చివర కూడిక వేసి, చదివి వినిపించింది. తన చేత్తో రాసిన మొదటి లెక్క అది.

మళ్ళీ "ఖో"

డిసెంబరులో ఒక సాయంత్రం ఆట మొదలైంది. ముందు పెద్దవాళ్ళం గుంజ పట్టుకుని బరువంతా వేసి ఊపాం. కదల్లేదు. తర్వాతే పిల్లల్ని రమ్మన్నాం.

అక్క కూతురు మొదట భయపడింది. గుంజ దాకా వచ్చి ఆగిపోయింది. చేత్తో పై నుంచి కిందికి నిమిరింది. మెల్లగా ఒకసారి చుట్టూ తిరిగింది. రెండోసారి పరుగెత్తి వచ్చి తిరిగింది. ఆ తర్వాత ఎవరికీ దొరకలేదు.

నాయనమ్మ గారు గుమ్మంలో నిలబడి చూశారు. "దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఉండాలి" అన్నారు. వద్దని మాత్రం అనలేదు.

గోడ మీది క్యాలెండరులో అక్క రెండు చోట్ల గుండ్రంగా గీత గీసింది. ఒకటి జూన్ మొదట్లో, వానల ముందు. రెండోది డిసెంబరులో, తుపానుల తర్వాత. పక్కన "గుంజ చూడాలి" అని రాసింది. అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి. అయినా ఆ ఇంట్లో అందరూ చదవగలరు.

గుర్తు పెట్టుకోండి

నిలిచిన నీరే చెక్కకు శత్రువు.
పాతిన చెక్క నేల తాకే చోట ముందుగా పుచ్చుతుంది.
తట్టి, పొడిచి, ఊపి చూడండి.
తడి చెక్కకు తారు, రంగు పూయకండి.
పిల్లల బరువు మోసే చోట అతుకు వద్దు.
ఏటా రెండుసార్లు చూడండి.

ఆలోచించండి, చెప్పండి

1. గుంజ పైన, అడుగున బాగుండి నేల దగ్గరే ఎందుకు పుచ్చింది?
2. సిమెంటు పోయడం వల్ల ఏం జరిగింది?
3. "గుంజ విరిగితే గుంజ బాగుచెయ్యాలి. ఆట మానెయ్యడం ఎందుకు?" అక్క మాట సరైనదేనా? మీరైతే ఏమనేవారు?
4. మీ వీధిలో ఆడపిల్లలు ఆడుకోవడానికి చోటు ఉందా? లేకపోతే ఎక్కడ చెయ్యవచ్చు?

చెయ్యండి, రాయండి

1. మీ ఇంటి బయట ఉన్న చెక్క వస్తువుల పేర్లు రాయండి. ఒక్కోదాన్ని తట్టి, పొడిచి చూసి ఎదురుగా "గట్టి" అని గానీ "పుచ్చు" అని గానీ రాయండి.
2. ఒక గుంజ పొడవు 200 సెంటీమీటర్లు. 65 సెంటీమీటర్లు నేలలో పాతారు. నేల పైన ఎంత ఉంటుంది?
3. తారు, రంగు, గరుకు కాగితం, మరమేకులు. మీ ఊళ్ళో వీటి ధరలు కనుక్కుని రాయండి. కూడిక వేసి, ఇంట్లో వారికి చదివి వినిపించండి.